దాసరిదిబ్బ తాతకు చుట్టాలు

కాశీబుగ్గ బస్టాండు పక్కన టీ దుకాణంలో భానుప్రకాష్ మొదటిసారి ఆ మాట విన్నాడు. సుమ్మాదేవి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి గ్లాసు చేత్తో పట్టుకుని పక్కవాళ్ళకు గొప్పగా చెబుతున్నాడు.

"దాసరిదిబ్బ తాతని ఫోన్లో తిప్పుతన్నారు గదా, ఆడెవులనుకున్నారు? మడ్డోలింటి సింహాద్రి. మా మేనత్త తోటికోడలికి అన్న వరస. సిన్నప్పుడు ఆలింటికెల్తే నాకు తేగలు కాల్చి పెట్టినాడు."

భానుప్రకాష్‌కు పొలమారింది. దాసరిదిబ్బ అనే ఊరు లేదు. మడ్డు సింహాద్రి అనే ముసలాయన పుట్టనే లేదు. ఆ ఊరినీ ఆ మనిషినీ కలిపి పుట్టించింది తనే. అద్దె ఇంటి వెనక గదిలో, కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, బనీనుతో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగు అయిపోయేలోగా ముగించాలని హడావిడిగా పుట్టించాడు. అలా పుట్టినవాడు ఎవరికో తేగలు కాల్చి పెట్టాడంటే ఏం చెబుతాడు? టీ డబ్బులు అక్కడ పెట్టి బయటికొచ్చేశాడు.

భానుప్రకాష్ అబద్ధాలతో పెరిగిన మనిషి కాదు. సొంత ఊరు కంచిలి దగ్గర. తండ్రికి కొబ్బరి తోట, కాస్త జీడి తోట ఉండేవి. టెక్కలిలో డిగ్రీ చదివి ఒక దినపత్రికకు విలేకరిగా చేరాడు. విలేకరి అంటే జేబులో కార్డు, చేతిలో ఫోను, నెల జీతం మాత్రం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి అంత పొడుగుకు ఇంత అని ఇచ్చేవారు. అయినా పదిహేనేళ్ళు ఇష్టంగానే తిరిగాడు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు మీద అతను రాసినన్ని వార్తలు ఆ చుట్టుపక్కల ఇంకెవరూ రాసి ఉండరు. రాసి రాసి, చివరికి ఆ జబ్బుతోనే తండ్రిని పోగొట్టుకున్నాడు. తరువాత తిత్లీ తుపాను వచ్చి ఒక్క రాత్రిలో తోటను పడుకోబెట్టింది. ఆ తరువాత పత్రికవాళ్ళు ఊళ్ళ పేజీలు తగ్గించేశారు. కార్డు వెనక్కి తీసుకున్నారు. కొన్నాళ్ళు జీడి ఫ్యాక్టరీలో గుమాస్తాగా కూర్చున్నాడు గాని, పిక్కలు కాల్చే పొగకు దగ్గు పట్టుకుని మానేశాడు. నలభై దాటేసరికి ఏ పనికీ కొత్తవాడు కాదు, ఏ పనిలోనూ ఉన్నవాడు కాదు. అలసిపోయిన మనిషి.

అప్పుడు దొరికింది ఈ పని. విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీ. వెబ్‌సైట్లను గూగుల్‌లో పైకి తేవడం వాళ్ళ వ్యాపారం. ఒక సైటుకు పదిమంది వేరే సైట్లవాళ్ళు లింకు ఇస్తే, అదేదో గొప్పదే అయ్యుంటుందని గూగుల్ దాన్ని ముందుకు తోస్తుంది. లింకు ఇవ్వండి బాబూ అని అడిగితే ఎవరూ ఇవ్వరు. అందుకని జనం తమంతట తాము ఎత్తుకుపోయేలాంటి కథనం ఒకటి ఆ సైటులో పెట్టాలి. భానుప్రకాష్ రాయాల్సింది అలాంటి కథనాలే. పని చెప్పే అమ్మాయి పేరు జాహ్నవి. అతని కంటే పదిహేనేళ్ళు చిన్నది. గౌరవంగా సార్ అని పిలుస్తుంది, తప్పులు కూడా మెత్తగా చెబుతుంది.

మొదట అతను నిజాలే రాశాడు. అది మాత్రం చెప్పుకోవాలి. జీడి పిక్కల జిగురుకు ఆడవాళ్ళ వేళ్ళు ఎలా నల్లబడి తోలు ఊడుతాయో రాశాడు. తుపానుకు పడిపోయిన కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఎన్నేళ్ళు ఆగాలో రాశాడు. ఒక్కడంటే ఒక్కడు లింకు ఇవ్వలేదు.

"చాలా బాగున్నాయి సార్. కానీ బరువుగా ఉన్నాయి" అంది జాహ్నవి ఫోన్లో. "కొబ్బరి నీళ్ళ క్లయింటు ఉన్నారు కదా, వాళ్ళ కోసం ఏదైనా ఆశ్చర్యంగా ఉండేది కావాలి. వినగానే పక్కవాళ్ళకు చెప్పాలనిపించాలి."

"ఆశ్చర్యంగా ఉండేది జరగాలి కదమ్మా."

"జరిగినట్టు ఉంటే చాలు సార్. ఎవరికీ నష్టం లేనిది. చిన్న కథ."

నష్టం లేనిది. ఆ మాటను భానుప్రకాష్ భోజనం చేస్తున్నంత సేపూ నెమరేసుకున్నాడు. తిని లేచి దాసరిదిబ్బ కట్టాడు. సముద్రానికి కూతవేటు దూరంలో, సరుగుడు చెట్ల వెనక, ఒక ఊరు. ఆ ఊళ్ళో తొంభై దాటిన సింహాద్రి తాత. పుట్టి బుద్ధెరిగాక బావి నీళ్ళు ముట్టలేదు. తెల్లారకముందు దింపిన కొబ్బరి బొండాం నీళ్ళే తాగుతాడు. ఊరంతా ఆయన బాటే. చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ కిడ్నీ జబ్బుతో కూలిపోతుంటే ఆ ఒక్క ఊళ్ళో ఒక్కరికీ లేదు.

ఆ చివరి వాక్యం రాసేముందు కాసేపు ఆగాడు. అది లేకపోతే కథ చప్పగా ఉంటుంది. ఉద్దానం పేరు బయట ఎవరికైనా తెలిసిందంటే ఆ జబ్బు వల్లే. వైద్యమని ఎక్కడా రాయలేదు కదా, మందు మానమని చెప్పలేదు కదా అనుకున్నాడు. తండ్రిని మింగిన జబ్బును గాలానికి గుచ్చుతున్నానన్న సంగతి అతనికి తెలియక కాదు. తెలిసే గుచ్చాడు. పైగా కథనం వచ్చేది ఇంగ్లీషులో, చదివేది ఎక్కడివాళ్ళో అని సర్ది చెప్పుకున్నాడు.

అంతటితో ఆగినా కొంత మేలే. ఇంకెక్కడివాడైనా అయితే ఊరు, వయసు రాసి వదిలేసేవాడు. ఉద్దానంలో పుట్టినవాడికి అలా చేతులు రావు. అక్కడ ఎవరైనా ఎదురుపడితే పేరు కంటే ముందు ఎవరి తాలూకు అని అడుగుతారు. ఇంటిపేరు, తల్లి పుట్టిల్లు, కోడలి ఊరు చెబితే గాని ఆ మనిషి నిలబడ్డట్టు కాదు. అలవాటు కొద్దీ తాతకు మడ్డు అని ఇంటిపేరు పెట్టాడు. తల్లిది మందస వైపు అన్నాడు. ఇచ్ఛాపురం నుంచి కోడల్ని తెచ్చి ఆమె చేత ఒరియాలో రెండు మాటలు కూడా అనిపించాడు. చదివిన జాహ్నవి మురిసిపోయింది.

కథ పోయింది. ఎక్కడెక్కడికో పోయింది. ఆరోగ్యం సైట్లు, ప్రయాణాల సైట్లు, ఎవరో యోగా ఆమె, వేరే దేశంలో వంటల పత్రిక, అందరూ లింకులు ఇచ్చారు. ఒకరిని చూసి ఒకరు రాశారు. ఒక్కరూ శ్రీకాకుళం జిల్లాకు ఫోను చేసి ఆ ఊరు ఎక్కడుందని అడగలేదు. ఆ తరువాత ఎవడో కుర్రాడు దాన్ని తెలుగు వీడియో చేశాడు. ఎక్కడిదో బోసినోటి ముసలాయన బొమ్మ పెట్టి, కిడ్నీలను బాగుచేసే బొండాం అని పేరు తగిలించాడు. అలా తాత సముద్రాలు దాటి తిరిగి ఉద్దానానికే వచ్చి పడ్డాడు.

రాగానే చుట్టాలు పుట్టుకొచ్చారు. సుమ్మాదేవి ఆయన తేగలు తిన్నాడు. కంచిలిలో ఒకామె తాత కోడలు తన పెదనాన్న మనవరాలేనంది. ఊరు ఎక్కడంటే మందసవాళ్ళు కవిటి దగ్గరన్నారు, కవిటివాళ్ళు మందస దగ్గరన్నారు. ఎవరూ కావాలని అబద్ధమాడలేదు. ఇంటిపేరు వినగానే అందరూ తమ చుట్టరికంలో వెతుక్కున్నారు. ఉద్దానంలో వెతికితే దొరకని చుట్టరికం ఉంటుందా?

భానుప్రకాష్‌కు మొదట నవ్వొచ్చింది. తరువాత చిరాకు వచ్చింది. ఒక ఉదయం బావ పోలారావు ఫోను చేశాక ఆ రెండూ పోయాయి.

"భానూ, ఓసారి రా. మీ అప్ప డయాలసిస్‌కి రానంటంది."

అప్ప అంటే అతని అక్క దమయంతి. తండ్రి జబ్బే ఆమెకూ వచ్చింది. రోజు విడిచి రోజు పలాస ఆసుపత్రికి తీసుకొచ్చి రక్తం శుద్ధి చేయిస్తారు. రోజంతటికీ ఒక చిన్న గ్లాసు లెక్కన నీళ్ళు. ఎండాకాలం నాలుక పిడచకట్టుకుపోతే ఐసుముక్క చప్పరిస్తుంది. కొబ్బరి నీళ్ళు అసలు ముట్టకూడదు. అందులో ఉండే పొటాషియాన్ని పాడైన కిడ్నీ బయటికి పంపలేదు, అది గుండె మీదికి వస్తుంది. పెరటి నిండా బొండాలు వేలాడుతుండగా దాహంతో కూర్చోవడమే ఉద్దానంలో రోగమొచ్చిన ప్రతి రైతింటి బతుకు.

కంచిలి వైపు అక్క ఊరికి వెళ్ళేసరికి దమయంతి అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కొట్టి తాగేసిన బొండాలు ఉన్నాయి. మొహం ఉబ్బి ఉంది గాని ఎన్నాళ్ళకో అందులో కళ కనబడింది.

"ఏటప్పా ఇది? ఎన్నాళ్ళ నుంచి తాగుతన్నావు?"

"అలగ సూత్తావేటిరా? తాగుతన్నాను. బాగానే ఉన్నాను. దాసరిదిబ్బోలు తాగి బతకడం లేదేటి?"

"దాసరిదిబ్బ లేదప్పా. ఆ తాతా లేడు. నానే రాసినాను."

దమయంతి నవ్వింది. జాలిగా నవ్వింది. "బావ సెప్పమన్నాడా?"

"నిజంగానే రాసినానప్పా. పని కోసం రాసినాను. కొబ్బరి నీళ్ళమ్మినోళ్ళ కోసం."

"ఇంగ్లీషోళ్ళు రాసినారంట. ఒరియావోళ్ళు సెప్పతన్నారు. ఇన్ని సోట్ల ఉన్నది అబద్దమెలాగవుతాదిరా?"

"అన్ని సోట్లా ఉన్నది నాను రాసిందే. నన్ను సూసి ఒకడు, ఆడ్ని సూసి ఇంకోడు."

"అయితే దాలయ్య మావయ్య కూడా నిన్ను సూసే సెప్పినాడా? ఆయన కళ్ళారా సూసినాడు ఆ తాతని. సోంపేట సంతలో మాటాడినాడు."

మేనమామ దాలయ్య ఆ ఊళ్ళోనే ఉంటాడు. భానుప్రకాష్ పరుగున వెళ్ళి పట్టుకొచ్చాడు. దాలయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు. ఇంత ముఖ్యమైన సాక్ష్యం చెప్పే అవకాశం ఆయనకు ఎప్పుడూ తగల్లేదు.

"సూసినాను. సూడకేం? మడ్డోలింటి సింహాద్రి. ఎర్రగా, బక్కగా ఉంటాడు. ఆల్ల కోడలిది ఇచ్ఛాపురం."

"మావయ్యా, ఆ కోడల్ని పెట్టింది నాను. ఆడు ఎరుపో నలుపో నానే రాయలేదు, నువ్వెలగ సూసినావు?"

"నువ్వు రాయకపోతే మనిసికి రంగుండదేటిరా?" అన్నాడు దాలయ్య కోపంగా. "పేపర్లో రాసినన్నాళ్ళూ నువ్వు సెప్పిందే నిజమన్నాము. ఇప్పుడు నువ్వే అబద్దమాడినానంటన్నావు. మరి ఈ మాట ఏ లెక్కలోది?"

భానుప్రకాష్ చేసిన పనిలోని చెడ్డంతా మేనమామ తెలియకుండానే ఒక్క మాటలో పెట్టేశాడు. పదిహేనేళ్ళు ఎండలో తిరిగి సంపాదించుకున్న నమ్మకం అది. దాన్ని ఎవరిదో కొబ్బరి నీళ్ళ సైటుకు నిచ్చెన వేశాడు. ఇప్పుడు సొంత అక్క ప్రాణం కోసం అడిగితే చేతికి రావడం లేదు. దమయంతి ఆ రోజు ఆసుపత్రికి వెళ్ళలేదు.

ఇంటికి కూడా వెళ్ళకుండా కంచిలి రోడ్డు మీద నిలబడే జాహ్నవికి ఫోను చేశాడు. విషయం వినగానే ఆ పిల్ల గొంతు మారిపోయింది.

"తీసేస్తాను సార్. మా వాళ్ళు ఏమన్నా సరే, ఇప్పుడే తీసేస్తాను. క్లయింటుకు నేనే చెప్పుకుంటాను." ఆ వెంటనే, "కానీ సార్, మనది తీసేస్తే మనదే పోతుంది. మిగతావాళ్ళ దగ్గరున్నవి మన చేతిలో లేవు" అంది.

తీసేసింది. మాట నిలబెట్టుకుంది. ఆ సాయంత్రానికే క్లయింటు పోయాడు, అతనితో పాటే భానుప్రకాష్ పనీ పోయింది. ఆ కథనం ఉన్న చోట ఖాళీ పేజీ వస్తోంది. దాన్ని చూసి రాసిన సైట్లలో మాత్రం తాత నిక్షేపంగా ఉన్నాడు. ఆ రాత్రే భానుప్రకాష్ తన ఫేస్‌బుక్‌లో పేరు పెట్టి నిజం రాశాడు. నేనే కల్పించాను, ఎవరూ నమ్మకండి, కిడ్నీ జబ్బున్నవాళ్ళు కొబ్బరి నీళ్ళు తాగకండి అని రాశాడు. మందుల కంపెనీ ఎంత ఇచ్చింది అని ఎవరో అడిగారు. సుమ్మాదేవి పెద్దమనిషి కొడుకు మా తాతను లేడంటావా అని తిట్టాడు. ఆ రాతకు ఎవరూ లింకు ఇవ్వలేదని వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు పొద్దున్నే దమయంతి మంచం దిగబోయి కూలబడింది. కాళ్ళూ చేతులూ మాట వినలేదు, ఊపిరి అందలేదు. పోలారావు ఆటోలో వేసుకుని పలాస తెచ్చాడు. భానుప్రకాష్ వెళ్ళేసరికి లోపల డాక్టరు, నర్సులు హడావిడిగా ఉన్నారు. ఇంకో గంట ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని డాక్టరు తరువాత చెప్పాడు. ఈ మధ్య ఇలాంటివాళ్ళు చాలామందే వస్తున్నారని, ఎవడో తాతంట, దొరికితే అడగాలని ఉందని కూడా అన్నాడు. భానుప్రకాష్ తలవంచుకుని విన్నాడు. అక్కడ నేనే అని చెప్పాలి. చెప్పాడు. డాక్టరు అతని వంక ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

దమయంతి తేరుకుంది. రెండో రోజు మధ్యాహ్నం, మిషను తిరుగుతుండగా, తమ్ముణ్ణి మంచం దగ్గరికి పిలిచింది. పోలారావు అన్నం తినడానికి బయటికెళ్ళాడు. ఆమె మొహంలో వాపు తగ్గింది, ఆ అరుగు మీది కళ కూడా పోయింది.

"నువ్వే రాసినావా?"

"నానే అప్పా."

"ఆ మడ్డోలింటి పేరు?"

"నానే పెట్టినాను."

"కోడలు?"

"కోడలూ అంతే. ఊరూ అంతే. ఒక మజ్జాన్నం కూకుని రాసీసినాను."

"అయితే ఆ నీళ్ళు తాగి బతికినోడు ఎవుడూ లేడా? ఒక్కడు కూడానా?"

"ఒక్కడూ లేడప్పా."

ఆమె కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. ఆమె పెట్టుకున్న ఆశంతా లాగేశాననుకున్నాడు భానుప్రకాష్. తిట్టు, కొట్టు అన్నాడు. ఆమె తిట్టలేదు.

"నాన్న ఆఖర్ని బొండాం అడిగినాడురా" అంది. "నువ్వు ఊళ్ళో లేవు, వార్తకని ఎల్లినావు. రెండు గుక్కలు పొయ్యవే అని నా సెయ్యి పట్టుకున్నాడు. డాక్టరు వద్దన్నాడని నాను పొయ్యలేదు. ఆ రాత్రికి పోయినాడు. ఆ తాత ఈడియో సూసినకాడి నుంచి నాకు అదే. పోసుంటే బతికేవోడు గదా, నా సేతుల్తో నానే సంపీసినాను గదా అని. నాను తాగింది బతకడానికి కాదురా. తాగితే ఏటవుద్దో సూద్దామని."

ఎవరికీ నష్టం లేని చిన్న కథ. రాసేటప్పుడు భానుప్రకాష్ దాహం గురించి ఆలోచించాడు, వైద్యం గురించి ఆలోచించాడు, ఎవరైనా నమ్మి తాగితే ఎలాగని కూడా ఒక నిమిషం ఆలోచించాడు. ఇది మాత్రం అతని ఊహకు అందలేదు. ఉద్దానంలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది కూతుళ్ళు, కోడళ్ళు, ఆఖరి గుక్క పొయ్యకుండా గుండె రాయి చేసుకున్నారో అతనికి తెలుసు. అతనే రాశాడు ఆ వార్తలన్నీ.

"ఇచ్చినా పోయేవోడే అప్పా. ఇంకా ముందే పోయేవోడు. నువ్వు పొయ్యకపోబట్టే ఆ పూట దాకా ఉన్నాడు."

"నిజమేనా?"

"నిజం."

"ఇది కూడా రాసింది కాదుగదా?"

కాదని అతను తల అడ్డంగా ఊపాడు. దమయంతి సూది లేని చేత్తో అతని వేళ్ళు పట్టుకుంది.

"అయితే మళ్ళీ సెప్పు" అంది. "ఆ తాత లేడని సెప్పు."

"లేడప్పా."

"మళ్ళీ సెప్పు."